దాణాలో కలిపిన మందు

ఐసీయూలో రోగికి మిగతా యాంటీబయాటిక్‌లేవీ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరున ఆశ్రయించే మందుల్లో కొలిస్టిన్ ఒకటి. దాన్ని 1949లో జపాన్‌లో ఒక మట్టి బ్యాక్టీరియా నుంచి తీశారు. కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970ల నాటికి చాలావరకు పక్కన పెట్టేశారు. కార్బాపెనెమ్‌లనే శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లకు కూడా లొంగని ఇన్‌ఫెక్షన్లు వచ్చిపడ్డాక, ఆ ముప్పు తెలిసి కూడా మళ్లీ వాడక తప్పలేదు. ఇంత విలువైన మందును ఎన్నో దేశాల్లో పందులకు, కోళ్లకు టన్నుల లెక్కన మేపారు. జబ్బు చేసినప్పుడే కాదు, త్వరగా బరువు పెరగాలని కూడా.

దాణాలో కలిపేది కొద్ది మోతాదే. అసలు ప్రమాదం అక్కడే ఉంది. బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, మందును తట్టుకోగలిగినది మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తుంది.

2013 జూలైలో షాంఘైలోని ఒక పందుల ఫారం నుంచి సేకరించిన ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా కొలిస్టిన్‌కు లొంగలేదు. పరిశోధకులు దాన్ని తరచి చూస్తే ఎంసీఆర్-1 అనే కొత్త జన్యువు బయటపడింది. కొలిస్టిన్‌ది ధనావేశం, ఈ.కోలై పైపొరది రుణావేశం. ఆ ఆకర్షణతోనే మందు పొరకు అతుక్కుని దాన్ని చీల్చేస్తుంది. ఈ జన్యువున్న బ్యాక్టీరియా తన పైపొరలోని కొవ్వు అణువులకు ఫాస్ఫోఇథనోలమైన్ అనే చిన్న రసాయన భాగాన్ని తగిలించుకుంటుంది. దాంతో రుణావేశం తగ్గి, మందుకు పట్టు చిక్కదు.

అంతకంటే భయపెట్టే సంగతి, ఆ జన్యువు ఉన్న చోటు. అది ప్లాస్మిడ్ మీద ఉంది. ప్లాస్మిడ్ అంటే ఒక బ్యాక్టీరియా మరోదానికి, చేతిలోని పుస్తకం ఇచ్చినట్టు, అందించగల చిన్న డీఎన్‌ఏ వలయం. తీసుకునేది వేరే జాతిదైనా అడ్డులేదు. పంది పేగుల్లోని ఈ.కోలై నుంచి న్యుమోనియా తెచ్చే క్లెబ్సియెల్లాకూ చేరగలదు. 2015 నవంబరులో ఈ ఫలితాలు వెలువడ్డాయి. చైనాలో పరీక్షించిన పశువుల్లో 21 శాతం, పచ్చి మాంసం నమూనాల్లో 15 శాతం, ఆసుపత్రి రోగుల్లో 1 శాతంలో ఈ జన్యువున్న ఈ.కోలై దొరికింది. ఆ వరుస చూస్తే అది ఎటు నుంచి ఎటు నడుస్తోందో ఊహించడం కష్టం కాదు.

మాంసం బాగా ఉడికితే బ్యాక్టీరియా చస్తుంది. కానీ పచ్చి మాంసం కోసిన కత్తి, పట్టుకున్న చేతులు, పొలానికి తోలిన కోళ్ల ఎరువు, ఫారం నుంచి కాలవలో కలిసే నీళ్లు ఉడకవు కదా.

మన దేశంలో 2019 జూలైలో కేంద్ర ఆరోగ్యశాఖ ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు, దాణాకు కొలిస్టిన్ అమ్మకాన్ని నిషేధించింది. గుడ్లకు, రొయ్యలకు పేరుపడ్డ ఆంధ్రకు ఇది సొంత విషయం. అయితే రైతునొక్కడినే నిందిస్తే అన్యాయం. టీకాలు, శుభ్రమైన షెడ్డు, సకాలంలో పశువైద్యుడు అందుబాటులో లేని చోట మందే అతనికి ధైర్యం.

అయినా ఆపితే ఫలితం ఉంటుంది. చైనా 2017లో దాణాలో పెరుగుదల కోసం కొలిస్టిన్ కలపడాన్ని ఆపేసింది. పందుల నుంచి తీసిన ఈ.కోలైలో కొలిస్టిన్‌కు లొంగనిది 2015-16లో 34 శాతం ఉంటే, 2017-18కి 5 శాతానికి పడిపోయింది. ఎంసీఆర్-1 ఉన్న ఈ.కోలైని పేగుల్లో మోస్తున్న మనుషులు కూడా 2016లో సుమారు 14 శాతం నుంచి 2019కి 6 శాతానికి తగ్గారు.