చార్మినార్ చుట్టూ ఒక రోజు

భిలాయ్ క్యాంప్ 1లో ఉండే మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో హిందీ రాస్తాం. మాలో కొందరి తాతలు స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మరికొందరం నాన్నగారి బదిలీ మీద ఈమధ్యే వచ్చాం. కిందటి దసరా సెలవుల్లో పెద్దవాళ్ళతో కలిసి హైదరాబాదు పాత బస్తీ చూడడానికి వెళ్ళాం. మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి వెళ్ళేవాళ్ళే. అందుకే ఒక్క రోజులో ఏమేం చూడవచ్చో, మేము ఏం తెలుసుకున్నామో చెబుతాం.

ముందుగా ఒక మాట. శుక్రవారం వెళ్ళకండి. ఆ రోజు చౌమహల్లా ప్యాలెస్‌కు సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి చుట్టూ బాగా రద్దీ. మిగతా రోజుల్లో కూడా పొద్దున్నే బయలుదేరితే ఎండ, రద్దీ రెండూ తప్పుతాయి.

చార్మినార్ దగ్గర గైడ్ గారు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "ఏ భాషల చెప్పాలె బేటా?" అని. మేమందరం ఒక్కసారే "హిందీ!" అన్నాం. ఆయన నవ్వి, "ఇంతసేపూ మీలో మీరు తెలుగులనే మాట్లాడుకుంటున్నరు కదా, తెలుగులనే చెప్తా" అన్నారు. ఆయన ఇంటి భాష ఉర్దూ. అయినా తెలుగు గలగలా మాట్లాడారు. మాకు కొంచెం సిగ్గేసింది.

కుతుబ్ షాహీ సుల్తానుల రాజధాని మొదట గోల్కొండ కోట. జనం పెరిగి అక్కడ చోటు చాలకపోవడంతో, అయిదవ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో మూసీ నదికి దక్షిణాన కొత్త నగరం మొదలుపెట్టాడు. ఆ నగరం నడిబొడ్డున కట్టినదే చార్మినార్. నాలుగు వైపులా నాలుగు పెద్ద కమానులు, నాలుగు మూలల్లో నాలుగు మినార్లు, పై అంతస్తులో మసీదు ఉన్నాయి. రాళ్ళు, సున్నం వాడి కట్టారు. కమానుల మీద కనిపించే గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి. ఇరుకైన మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి వెళతాయి. పైనుంచి చూస్తే నాలుగు దిక్కులకూ నాలుగు వీధులు తిన్నగా సాగిపోతుంటాయి. నగరాన్ని ముందుగా గీసుకుని కట్టారని అప్పుడు అర్థమైంది. మా భిలాయ్ సెక్టార్లు కూడా అలా గీసుకుని కట్టినవే.

అక్కడే గైడ్ గారు మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా కథ చెప్పారు. ఈ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరాన్ నుంచి వచ్చినవాడు. 1543లో ఆయన హత్య జరిగాక, కొడుకు ఇబ్రహీం ప్రాణాలు కాపాడుకోవడానికి గోల్కొండ వదిలి వెళ్ళాడు. విజయనగరంలో ఏడేళ్ళు తలదాచుకుని, 1550లో తిరిగివచ్చి సుల్తాను అయ్యాడు. ఆయన తెలుగు మీద ఇష్టం పెంచుకున్నాడు. తెలుగు కవులను ఆదరించాడు. వాళ్ళు ఆయన్ని 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలుచుకున్నారు. అచ్చ తెలుగులో మొట్టమొదటి కావ్యంగా చెప్పే 'యయాతి చరిత్ర'ను పొన్నికంటి తెలగన్న రాసి అంకితమిచ్చింది కూడా ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కే. ఊరు మారి వచ్చిన వంశంలోని మనిషి ఒకరు తెలుగును అంతగా తనది చేసుకున్నాడు. మేమేమో ఇంటి భాషలో చెబుతానంటే హిందీ కావాలన్నాం!

చార్మినార్ నుంచి కొద్ది అడుగుల్లోనే మక్కా మసీదు. చెప్పులు విప్పి, ఒళ్ళు కప్పే బట్టలతో లోపలికి వెళ్ళాలి. దీన్ని 1617లో మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టాడు. 1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు 1694లో పూర్తి చేయించాడు. మొదలుపెట్టిన వంశం పోయింది, పని మాత్రం ఆగలేదు. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు ఇందులో ఉన్నాయని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆవరణలో అసఫ్ జాహీ వంశీకుల సమాధులు వరుసగా ఉన్నాయి. నిజాములు అంటే వీళ్ళే.

అక్కడికి దగ్గరలోనే నిజాముల చౌమహల్లా ప్యాలెస్. చౌమహల్లా అంటే నాలుగు మహళ్ళు. దర్బారు హాల్లో పాలరాతి గద్దె, పైన గాజు దీపాల గుత్తులు చూసి మెడలు నొప్పి పుట్టాయి.

మధ్యాహ్నం భోజనం చేసి లాడ్ బజారుకు వెళ్ళాం. చార్మినార్‌కు పడమటి వైపు వీధి ఇది. రెండు పక్కలా గాజుల కొట్లే. ఒక కొట్టు దగ్గర గాజు చేయడం చూశాం. లక్కను బొగ్గుల వేడి మీద మెత్తబరిచి, సన్నని పట్టీలా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. మెత్తగా ఉండగానే రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతారు. ఆలస్యమైతే లక్క గట్టిపడుతుంది, రాయి అతుక్కోదు. అందుకే పని చేసేవాళ్ళ చేతులు ఆగవు. ఈ గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అంటే హైదరాబాదు లక్క గాజులు అనే పేరుకు చట్టం రక్షణ ఉందన్నమాట.

లక్క ఎక్కడిదో తెలుసా? మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగులు వదిలే బంక అది. మన దేశంలో లక్క ఎక్కువగా వచ్చేది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచే! మేము రైల్లో దాటి వచ్చిన దారుల్లో మోదుగ చెట్లు ఎన్ని ఉన్నాయో. ఇకమీదట వాటిని గమనిస్తాం.

అక్కడ ఇంకో సరదా విషయం. కొట్టతన్ని "తగ్గిస్తారా?" అని హిందీలో అడిగితే "హౌ" అన్నాడు. హైదరాబాదు దక్కనీలో హౌ అంటే అవును. మా భిలాయ్‌లో కూరగాయలమ్మే అవ్వ కూడా ఛత్తీస్‌గఢీలో దాదాపు అలాగే "హవ్" అంటుంది. మాకు మా సందులోనే ఉన్నట్టనిపించింది.

సాయంత్రం పత్థర్‌గట్టి వైపు నడిచాం. రాతి కమానుల కింద ముత్యాల, అత్తరు దుకాణాలు బారులు తీరి ఉన్నాయి. చివరికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. సాలార్ జంగ్ మ్యూజియాన్ని ఆ రోజే ఇరికించకండి. దానికి ఒక పూట పూర్తిగా కావాలి. దానికీ శుక్రవారం సెలవే.

తిరిగి వస్తూ దుకాణాల బోర్డులు చదవబోయాం. అక్కడి బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. మాలో ఎనిమిదో తరగతి వాళ్ళు కూడా ఇంగ్లీషే చదివారు. మా చిన్న తమ్ముడు ఒక్కడే, వాళ్ళ నానమ్మ నేర్పిన అక్షరాలు కూడబలుక్కుని "గా... జు... లు" అన్నాడు. గైడ్ గారు చప్పట్లు కొట్టారు.

మనం ఏ ఊళ్ళో ఎన్నాళ్ళుంటామో బదిలీ ఆర్డరు చెబుతుంది. వెళ్ళిన ఊరి భాష నేర్చుకోవచ్చు, ఇంటి భాషా నిలుపుకోవచ్చు. ఇప్పుడు ఆదివారాలు మేము నానమ్మ దగ్గర గుణింతాలు దిద్దుతున్నాం. ఈ వ్యాసం రాసింది మేమే. ఒత్తులు మాత్రం ఆవిడ సరిచేసింది.