చేనిగట్టు కూరాకు

మా గిద్దలూరు వైపు మెట్టచేలల్లో తొలకరి పడి వారం పది రోజులైతే చాలు, కూరాకు లేస్తుంది. ఎవరూ విత్తనం చల్లరు, నీళ్లు కట్టరు. చెంచలాకు, దొగ్గలాకు, గలిజేరు, గంగపాయలాకు, గురుగాకు వాటంతట అవే మొలుస్తాయి. కంది, సజ్జ చేలల్లో కలుపుకు పోయిన ఆడవాళ్లు వంటకు పనికొచ్చేది ఏరి ఒడిలో వేసుకుని ఇంటికి తెస్తారు. మా అవ్వ వెనకాల తిరిగి నేను నేర్చుకున్నదీ అట్లానే. "పూత పడకముందే గిల్లాల పాపా, ముదిరితే నార" అనేది. చెంచలాకును వేరుతో పీకనిచ్చేది కాదు. చిగురు గిల్లితే పక్కకొమ్మలు వేసి మళ్లీ కూరకొస్తుంది.

గంగపాయలాకు పుల్లగా, కాస్త జిగురుగా ఉంటుంది. చెంచలాకు కమ్మన. దొరికినవన్నీ కలిపి కందిపప్పు, పచ్చిమిరపకాయలు, చింతపండుతో ఉడికించి ఎనిపి, వెల్లుల్లి తాలింపు పెడితే అదే కలగూర పప్పు. గలిజేరు, గంగపాయల్లో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. అందుకే ముందుగా ఆకు ఉడకబెట్టి ఆ నీళ్లు వంపేయడం మంచిది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడిగే తినాలి.

పప్పులో పడే ఆ చింతపండు సంగతి మా ప్రాంతంవాళ్లు తెలుసుకోదగ్గది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగమైన మా వైపు బోరునీళ్ల ఫ్లోరైడ్‌ ఎముకల్ని ఎంత బాధపెట్టిందో మాకు తెలుసు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో బయటికిపోయే ఫ్లోరైడ్‌ పెరిగింది. 2002లో ఆ ఫలితం అచ్చయింది. అంతమాత్రాన అది మంచినీళ్లకు బదులు కాదు. మంచినీళ్లు మాకు రావాల్సిందే.

కంచెలమీద పాకే నల్లేరు పని వేరు. లేత కొసలే తుంచాలి. చేతులకు నూనె రాసుకోకుండా ముట్టుకుంటే దురద. కణుపులు తీసేసి, నాలుగు అంచుల నారా ఒలిచి, చిన్న ముక్కలు కోసి, నూనెలో పచ్చిదనం పూర్తిగా పోయి రంగు మారేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే గొంతు గీరుతుంది. కాడలో కాల్షియం ఆక్సలేట్‌ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి మరి. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, మినప్పప్పు వేయించి, చింతపండు, వెల్లుల్లి వేసి, ముక్కలతో కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే సజ్జరొట్టెకు అంతకు మించిన పచ్చడి నేను ఎరగను.

అడవి తిండి అసలు తెలిసినవాళ్లు నల్లమల చెంచులు. దోర్నాల, యర్రగొండపాలెం మండలాల గూడేల్లో గడ్డలు, తునికిపండ్లు, సారపప్పు, ఇప్పపువ్వు, తేనె తరతరాల తిండి. గడ్డ తవ్వాక తీగ మొదలు మళ్లీ మన్నులో పెట్టి పూడ్చడం వాళ్ల పద్ధతి. వానల్లో మార్కాపురం అంగట్లో ఆగాకరకాయలు కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ తీగ ఏటేటా భూమిలోని దుంపనుంచే లేస్తుంది. కాయ కోసుకోవచ్చు, దుంప పెరికితే మరుసటేడు తీగే ఉండదు.

చేలల్లో కూరాకు తగ్గడానికి మా కంటికి కనపడే కారణం కలుపుమందు. కూలి రేట్లు చూస్తే రైతును తప్పుపట్టలేను. అయితే ఆ మందుకు గరికా చెంచలాకూ ఒకటే. మందు కొట్టిన చేలోది, మురుగుకాలవ పక్కది, పేరు తెలియనిది ఎంత లేతగా ఉన్నా కోయకండి.

మా చేను కౌలుకిచ్చేటప్పుడు ఒక మాట గట్టిగా అనుకున్నాం. తూర్పుగట్టుకూ దాని పక్క రెండు సాళ్లకూ కలుపుమందు కొట్టకూడదు. ఆ గట్టుమీద ఊళ్లో ఎవరైనా కూరాకు కోసుకోవచ్చు, మమ్మల్ని అడగక్కర్లేదు.