బడి సర్వర్లో తెలుగు ఎక్కడ తెగింది?

హోసూరు పక్కనున్న మా తెలుగు బడిలో నిరుటి వేసవి సెలవుల్లో నలుగురు టీచర్లం కలిసి ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ప్రశ్నల నిధి ఒకటి తయారు చేశాం. ఆంధ్ర, తెలంగాణ బడుల కోసం అచ్చయ్యే గైడ్లు, మోడల్ పేపర్లు మా పిల్లలకు పెద్దగా అక్కరకు రావు. భాష ఒకటే గానీ పాఠాలు వేరు. ఇక్కడ చదివేది తమిళనాడు పాఠ్యప్రణాళిక. అందుకే మా ప్రశ్నలు మేమే రాసుకోవాలి. వాటిని ల్యాబులోని పాత కంప్యూటర్ ఒకదాంట్లో ఉంచి, మిగతా కంప్యూటర్ల నుంచి పిల్లలు బ్రౌజర్లో తెరిచి జవాబులు రాసేలా చేయాలని ఆలోచన. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, ఒక వైఫై రౌటర్ చాలు.

జూన్‌లో బడి తెరిచాక ఏడో తరగతి పిల్లల్ని ల్యాబులో కూర్చోబెట్టాం. తెర మీద ఇంగ్లీషు ప్రశ్నలన్నీ చక్కగా వచ్చాయి. తెలుగులో ఉండాల్సిన సైన్సు, సోషల్ ప్రశ్నల చోట వరసగా ప్రశ్నార్థకాలు. ప్రశ్నకు బదులు ప్రశ్నార్థకమే వచ్చిందని పిల్లలు నవ్వారు గానీ మాకు నవ్వు రాలేదు. సెలవుల్లో చేసిన పనిలో సగానికి పైగా పోయింది. సైన్సు టీచరమ్మ ఒక్కరే ముందు నోటుబుక్కులో రాసుకుని తర్వాత టైపు చేశారు కాబట్టి ఆమెవి మిగిలాయి.

బళ్లారిలోనో బరంపురంలోనో మరో తెలుగు బడి ఇదే పని పెట్టుకుంటే, మేము పోగొట్టుకున్న రోజులు వాళ్లకైనా మిగలాలని ఈ సంగతులు రాస్తున్నాం. తల్లిదండ్రులకు సాంకేతిక పదాలు కొన్ని కొత్తగా ఉండొచ్చు, కథ మాత్రం కొత్తది కాదు.

ముందు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చెప్పుకుందాం. వెబ్ సర్వర్ అంటే బడిలో అటెండర్ లాంటిది. ఫలానా కాగితం తెమ్మంటే బీరువాలోంచి తీసి ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. మేము వాడింది అపాచీ అనే ఉచిత సర్వర్. కానీ ప్రశ్నల పేజీ ముందే రాసిపెట్టిన కాగితం కాదు. పిల్ల ఏ తరగతో, ఏ పాఠమో చూసి అప్పటికప్పుడు తయారవ్వాలి. ఆ పని పీహెచ్‌పీది. అపాచీకి పీహెచ్‌పీ భాష రాదు. రెండింటినీ కలిపే ముక్క పేరే మాడ్యూల్. మాకు వచ్చిన తిప్పలన్నీ ఈ అతుకుల దగ్గర వచ్చినవే.

మొదటి తిప్ప అందరికీ వచ్చేదే. పేజీ తెరిస్తే ప్రోగ్రామ్ రాత మొత్తం తెర మీద ప్రత్యక్షమైంది. ఇలా జరిగితే ముందు బ్రౌజర్ చిరునామా గడి చూడండి. ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిచి ఉంటే అక్కడ లోకల్‌హోస్ట్ అనే మాట కాకుండా ఫైలున్న ఫోల్డర్ దారి కనిపిస్తుంది. అంటే మీరు సర్వర్‌ను అడగనే లేదు. చిరునామా సరిగ్గా ఉన్నా రాతే కనిపిస్తోందంటే మాడ్యూల్ తగలలేదన్నమాట. మా ఉబుంటు కంప్యూటర్లో నల్ల తెర మీద పీహెచ్‌పీని పిలిస్తే పలుకుతోంది, బ్రౌజర్లో మాత్రం పలకడం లేదు. మేము వేసింది నల్ల తెరకు పనికొచ్చే పీహెచ్‌పీ-సీఎల్ఐ ఒక్కటే. అపాచీకి తగిలించే లిబ్‌అపాచీ2-మాడ్-పీహెచ్‌పీ అనే ప్యాకేజీ వేరే ఉంది. దాన్ని వేసి అపాచీని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడితే పేజీ వచ్చింది. కొన్ని కంప్యూటర్లలో అపాచీ ఈవెంట్ అనే పద్ధతిలో నడుస్తూ ఈ మాడ్యూల్‌ను ఒప్పుకోదు. అప్పుడు దాన్ని ప్రీఫోర్క్ పద్ధతికి మార్చాలి.

విండోస్‌లో ఎక్స్ఏఎంపీపీ వేసుకునే బడులకు ఈ అతుకు ముందే వేసి వస్తుంది. అక్కడి ఇబ్బంది వేరు. 80వ నంబరు పోర్టును ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటే అపాచీ మొదలవ్వదు. ఆ ప్రోగ్రామ్‌నైనా ఆపాలి, అపాచీకి 8080 లాంటి వేరే పోర్టునైనా ఇవ్వాలి.

అసలు కథ దీని తర్వాతే. పేజీ వచ్చింది గానీ ప్రశ్నల జాబితా నొక్కితే తెల్లగా, ఖాళీగా ఉంది. ఖాళీ పేజీ అంటే పీహెచ్‌పీ మాట్లాడటం లేదని కాదు, తప్పును తెర మీద కాకుండా లాగ్‌లో రాస్తోందని. ఉబుంటులో అది వార్ ఫోల్డర్లో, లాగ్ లోపల, అపాచీ2 అనే ఫోల్డర్లో ఎర్రర్.లాగ్ పేరుతో ఉంటుంది. చివరి నాలుగు వరసలు చదివితే చాలు. మా లాగ్‌లో ఉన్న మాటకు అర్థం ఇది: ఎంబీ_సబ్‌స్టర్ అనే ఫంక్షన్ను పిలిచారు, అలాంటిది ఇక్కడ లేదు. ఎంబీస్ట్రింగ్ అనే మాడ్యూల్ వేయలేదని దాని భావం. ఉబుంటులో అది విడిగా వేసుకోవాల్సిన ప్యాకేజీ. వేసి, అపాచీని మళ్లీ మొదలుపెడితే రెండు నిమిషాల పని.

మేము ఆ రెండు నిమిషాల పని చేయలేదు. సాయానికి వచ్చిన తెలిసిన కుర్రాడొకడు ప్రోగ్రామ్‌లో ఎంబీ_సబ్‌స్టర్ అని ఉన్న చోటల్లా సబ్‌స్టర్ అని మార్చేశాడు. తప్పు మాయమైంది, జాబితా వచ్చింది. పరీక్షకని అతను చూసింది ఇంగ్లీషు ప్రశ్నల్నే. మేమూ సరే అన్నాం.

ఈ రెండు ఫంక్షన్లకూ తేడా ఇంగ్లీషులో కనపడదు. ఇంగ్లీషు అక్షరానికి కంప్యూటర్లో ఒక బైటు చాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. ‘తెలుగు’ అన్న మాటే తీసుకోండి. మన కంటికి మూడక్షరాలు. కంప్యూటర్ దాన్ని త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు గుర్తులుగా దాస్తుంది. ఆరు మూళ్ల పద్దెనిమిది బైట్లు. మామూలు స్టర్‌లెన్ లెక్కపెడితే 18 అంటుంది. ఎంబీస్ట్రింగ్ వారి ఎంబీ_స్టర్‌లెన్ 6 అంటుంది. ఐఎన్‌టీఎల్ అనే మరో మాడ్యూల్లోని గ్రాఫీమ్_స్టర్‌లెన్ మాత్రమే మనలాగా 3 అంటుంది. సబ్‌స్టర్‌తో 20 బైట్ల దగ్గర కోస్తే ఆరు గుర్తులు పోను ఏడో గుర్తులో రెండు బైట్లు తెగి మిగులుతాయి. తెర మీద మాట చివర ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ కనిపించేది అందుకే. అది ఫాంటు లోపమనుకుని మేము ఒక పూటంతా ఫాంట్లు మార్చాం. ఫాంటుదేం తప్పు లేదు.

ఐఎన్‌టీఎల్ గురించి ఇంకొక మాట. ఐత్వం గుర్తును కంప్యూటర్లో రెండు రకాలుగా దాచొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం కింద ఇంకో చిన్న గుర్తు చేర్చి. కంటికి రెండూ ఒకటే. వేరే చోటి నుంచి కాపీ చేసి తెచ్చిన పాఠంలో రెండో రకం ఉంటే ‘పైరు’ అని వెతికినా దొరకదు, కళ్ల ముందే ఉన్నా సరే. ఈ మాడ్యూల్లోని నార్మలైజర్ రెండింటినీ ఒకే రూపానికి తెస్తుంది. మూడుల్ లాంటి పెద్ద బోధన ప్రోగ్రామ్‌లు ఎంబీస్ట్రింగ్, ఐఎన్‌టీఎల్ లేకపోతే ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోయి అడుగుతాయి. మా చిన్న ప్రోగ్రామ్ అడగలేదు. ఎక్స్ఏఎంపీపీ వాడేవారు పీహెచ్‌పీ.ఇని ఫైలు తెరిచి ఎక్స్‌టెన్షన్ ఐఎన్‌టీఎల్ అన్న వరస ముందు సెమికోలన్ ఉందేమో చూడండి. ఉంటే ఆ వరస పనిచేయదు. దాన్ని తీసేసి అపాచీని మళ్లీ మొదలుపెట్టాలి.

ఇక ప్రశ్నార్థకాల సంగతి. అవి పుట్టింది డేటాబేసులో. ఆరో తరగతి పట్టికను మేము మైఎస్‌క్యూఎల్ 8లో కొత్తగా చేశాం. దానికి మామూలుగానే యూటీఎఫ్8ఎంబీ4 అనే లిపి అమరిక వస్తుంది, తెలుగు పడుతుంది. ఏడు, ఎనిమిది తరగతుల పట్టికలు మాత్రం ఎవరో ఇచ్చిన పాత ఫైలు నుంచి వచ్చాయి. వాటి అమరిక లాటిన్1. అందులో తెలుగుకు చోటే లేదు. నిజానికి మైఎస్‌క్యూఎల్ మొదటి ప్రశ్న దగ్గరే అభ్యంతరం చెప్పింది, ఈ అక్షరాలు ఈ గడిలో పట్టవని. ఆ సందేశం విసుగు తెప్పిస్తోందని మేమే స్ట్రిక్ట్ మోడ్ తీసేశాం. దాంతో అది నోరు మూసుకుని, పట్టని ప్రతి గుర్తు చోటా ఒక ప్రశ్నార్థకం వేసి దాచింది. ‘భద్రపరచబడింది’ అని పచ్చ అక్షరాలు వచ్చాయి. దాచినదాన్ని తిరిగి తెరిచి చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. తెలుగు బదులు అర్థంకాని లాటిన్ గుర్తులు కనిపిస్తే కంగారు పడొద్దు. చాలాసార్లు బైట్లు భద్రంగానే ఉంటాయి, చదివే పద్ధతి తప్పింది అంతే, తిరిగి రాబట్టొచ్చు. డేటాబేసు లోపలే ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం అసలు అక్షరాలు ఇక లేవు. అవి ఎవరు వచ్చినా తిరిగి రావు.

అర్ధ సంవత్సర పరీక్షలప్పుడు ఇంకోటి జరిగింది. ఎనిమిదో తరగతి మార్కులు ఒకే పేజీలో ఎక్కించాం. మర్నాడు ఒక నాన్నగారు వచ్చి, “మా వాడు పరీక్షలన్నీ రాసినాడు కదా సార్, మార్కులేవి?” అన్నారు. చూస్తే పట్టీలో చివరి ఇద్దరికీ గడులు ఖాళీ. 42 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 25 గడులు, మొత్తం 1050. పీహెచ్‌పీ ఒక్కసారికి తీసుకునే గడుల హద్దు, మాక్స్_ఇన్‌పుట్_వార్స్, మామూలుగా 1000. మిగిలినవాటిని వదిలేసి, ఆ మాట లాగ్‌లో ఒక వరస రాసి ఊరుకుంది. హద్దు 5000 చేశాం, అయినా మార్పు లేదు. ఉబుంటులో పీహెచ్‌పీ.ఇని రెండుంటాయి, నల్ల తెరకు ఒకటి, అపాచీకి ఒకటి. మేము దిద్దింది మొదటిది. ఏ ఫైలు అమల్లో ఉందో తెలియాలంటే పీహెచ్‌పీఇన్ఫో అనే ఒక్క ఫంక్షన్ రాసిన పేజీ పెట్టి బ్రౌజర్లో తెరవండి. లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్ అన్న వరసలో దారి ఉంటుంది. ఎంబీస్ట్రింగ్, ఐఎన్‌టీఎల్ తగిలాయో లేదో కూడా అక్కడే కనిపిస్తుంది. చూశాక ఆ పేజీ తీసేయండి, సర్వర్ గుట్టంతా అందులో ఉంటుంది. పాఠాల ఆడియో ఎక్కించేవారు అదే పీహెచ్‌పీ.ఇనిలో అప్‌లోడ్ హద్దు కూడా పెంచుకోవాలి. మామూలుగా అది 2 ఎంబీ మాత్రమే.

ఒక్క దానికి మాత్రం మా దగ్గర మందు లేదు. బహుమతి పత్రాల బొమ్మ మీద పిల్లల పేర్లు జీడీ మాడ్యూల్‌తో రాయిస్తే వత్తులు విడిపోయి వచ్చాయి. లక్ష్మి పేరు చూసి ఆ పిల్లే చదవలేకపోయింది. తిరిగి ఇన్‌స్టాల్ చేస్తే పోయేది కాదిది. అక్షరాన్నీ వత్తునూ కలిపి పేర్చే పని మామూలు జీడీకి రాదు, బ్రౌజర్‌కు వచ్చు. అందుకని పత్రాన్ని మామూలు వెబ్ పేజీగా చేసి బ్రౌజర్ నుంచే ప్రింటు తీస్తున్నాం.

ఇప్పుడు సర్వర్లో ఒక చిన్న పేజీ ఉంచుకున్నాం. అందులో ‘తెలుగు’ అన్న మాట, దాని కింద 18, 6, 3 అన్న లెక్కలు, డేటాబేసులో దాచి తిరిగి తెచ్చిన తెలుగు వాక్యం ఒకటి ఉంటాయి. కంప్యూటర్ మార్చినా, కొత్త వెర్షన్ వేసినా ముందు అదే తెరుస్తాం. శనివారం డేటాబేసు నకలు పెన్‌డ్రైవ్‌లోకి తీస్తాం. ఏడో తరగతి సోషల్‌లో మూడు పాఠాల ప్రశ్నలు ఇంకా తిరిగి టైపు చేయాల్సి ఉంది. ఇద్దరు తల్లులు సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఓ అరగంట కూర్చుని చేస్తున్నారు. ప్రశ్న దాచగానే తిరిగి తెరిచి చూస్తున్నారు, మేము చెప్పకుండానే.