గ్రుడ్డు, మూలికలు, కిత్తలి

పాశ్చాత్యుల పానీయములలో ‘ఫ్లిప్’ అను తరగతి యొకటి కలదు. మద్యము, పంచదార, పచ్చి కోడిగ్రుడ్డు ఈ మూడింటిని నురుగు వచ్చునట్లు గిలకొట్టి, పైన జాజికాయ పొడి రాల్చి ఇచ్చునది ఫ్లిప్. తెల్లసొన మాత్రమే వాడు పానీయములు వేరుగా ఉన్నవి. ఇందులో పచ్చసొన కూడ చేరితీరవలెను. మెక్సికో దేశపు టెకీలాతోను, ఫ్రాన్సు దేశపు మూలికామద్యములతోను చేయు ఫ్లిప్ ఈ వంశములో ఆధునికమైనది. దానిని త్రాగుట, మానుట పెద్దలు ఎవరికి వారు నిర్ణయించుకొనవలసిన విషయము. అయితే వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, చరిత్ర, అంకగణితము నాలుగును ఆ ఒక్క గ్లాసులో ఇమిడియున్నవి. కనుక త్రాగనివారికి సైతము అది చదువదగిన వస్తువే.

మొదట ఫ్లిప్‌లో గ్రుడ్డు లేదు. 17వ శతాబ్దము చివర ఇంగ్లండులో బీరు, రమ్ము, పంచదార కలిపి, అందులో ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీని ముంచెడివారు. ఆ వేడికి పానీయము బుసబుస పొంగి నురుగు కట్టెడిది. కాలక్రమమున గ్రుడ్డు వచ్చి చేరినది. బీరును, కాల్చిన కడ్డీయును తొలగిపోయినవి. 1862లో అమెరికాలో జెర్రీ థామస్ ప్రకటించిన పానీయ గ్రంథము నాటికి ఫ్లిప్‌కు గ్రుడ్డే ప్రాణమైనది. ఇనుము చేసిన నురుగును అటుపిమ్మట గ్రుడ్డు చేయసాగినది.

ఇక టెకీలా. మన చేల గట్లపైనను, రైలుదారుల ప్రక్కలను కంచెగా పెరిగి నార నిచ్చు కిత్తలిని ఎరుగనివారుండరు. టెకీలా నిచ్చు నీలి అగావె మొక్క ఆ కిత్తలికి జ్ఞాతి. ఈ కుటుంబమంతటికిని జన్మభూమి అమెరికా ఖండమే. మెక్సికోలో ఈ జాతి పెద్ద మొక్కల నుండి తియ్యని ఊట తీసి పులియబెట్టి ‘పుల్కే’ అను పానీయము చేయుట అనాదిగా ఉన్నది. అది మన తాటికల్లుకు, ఈతకల్లుకు సోదరప్రాయము. స్పెయిన్ వారు వచ్చిన పిమ్మట బట్టీపెట్టు విద్య అందులో ప్రవేశించినది. హలిస్కో రాష్ట్రములోని టెకీలా పట్టణము పేరే ఆ మద్యమునకు పేరైనది. ఆ పేరు నిర్ణీత ప్రాంతములలో తయారైన మద్యమునకే చెల్లునని 1974లో మెక్సికో ప్రభుత్వము ప్రకటించినది. ఆ అగావె తోటల సీమను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

నీలి అగావె పక్వమగుటకు ఆరు మొదలు ఎనిమిది సంవత్సరములు పట్టును. అప్పుడు ‘హిమదోర్’ అను కూలివాడు పొడవైన కఱ్ఱకు గుండ్రని పదునైన రేకు గల పనిముట్టుతో ఆకులన్నిటిని నరికివేయగా, అనాసపండు వలె నుండు పెద్ద దుంప మిగులును. దానిలోని ఇనులిన్ అను పదార్థము ఉన్నదున్నట్లు పులియదు. దుంపను కాల్చినచో అది విచ్ఛిన్నమై ఫలశర్కర యగును. ఆ తీపినే పులియబెట్టి రెండుమార్లు బట్టీపెట్టుదురు.

ఇందులో గమనింపదగిన విషాదమొకటి కలదు. అగావె జీవితములో ఒక్కసారి మాత్రమే పూచి చనిపోవును. పూవు కాడ లేచినచో దుంపలోని తీపియంతయు దానికే వెచ్చమగును. అందుచేత రైతు ఆ కాడను మొదటనే కోసివేయును. పూవు లేనిచోట విత్తనము లేదు. మన అరటితోటలయందు వలెనే పిలకలను నాటుచుందురు. ఇట్లు తరతరములుగా చేయగా తోటలోని మొక్కలన్నియు ఇంచుమించు ఒకే మొక్క నకళ్లయినవి. ఒక మొక్కకు సోకిన తెగులు అన్నిటికిని సోకగలదు. 1990ల చివర జరిగినది అదియే. అంతేకాదు, అగావె పూవులు రాత్రివేళ విచ్చును. తేనెకై వచ్చు ఒక జాతి గబ్బిలములు వాటికి పుప్పొడిని చేరవేయును. పూవులు కరవైనచో ఆ గబ్బిలములకు ఆహారము కరవు. రొద్రీగో మెదెయీన్ అను మెక్సికో శాస్త్రజ్ఞుడు, తోటలో నూటికి ఐదు మొక్కలనైన పూయనిండని రైతులను ఒప్పించుచు వచ్చినాడు. ఆ గబ్బిలపు జాతి కొంత కోలుకొనగా, 2018లో అమెరికా సంయుక్త రాష్ట్రములు దానిని ఆపన్నజీవుల పట్టిక నుండి తొలగించినవి.

మూలికామద్యముల కథ వేరు. ఫ్రాన్సులో గ్రెనోబుల్ పట్టణమునకు సమీపమున, కొండల నడుమ, 1084లో బ్రూనో అను సాధువు స్థాపించిన మఠము కలదు. మౌనము, ఏకాంతము అచటి సన్యాసుల వ్రతము. 1605లో దెస్త్రే అను సేనాని ఆ సంప్రదాయపు పారిస్ సన్యాసులకు దీర్ఘాయువు నిచ్చు రసాయనమును గూర్చిన వ్రాతప్రతి నొసగినట్లు చరిత్ర. దాని మర్మము తెలిసికొని యోగము కుదుర్చుటకే నూరేండ్లు మించినవి. నూటముప్పది మూలికలు చేరిన ఆ మద్యమునకు ‘షార్త్రూజ్’ అని పేరు. ఆకుపచ్చనిది ఘాటైనది, పసుపుపచ్చనిది సౌమ్యము. 1903లో ఫ్రాన్సు ప్రభుత్వము సన్యాసులను వెడలగొట్టగా, వారు స్పెయిన్‌లోని తర్రగోనాకు పోయి అచట తమ మద్యమును తయారుచేసినారు. బట్టీలును, పేరును మాత్రము ఫ్రాన్సులో ఇతరుల చేతబడినవి. కాని పేరు చేతబడినంత మాత్రమున విద్య చేతబడదు గదా! యోగము తెలియని ఆ సంస్థ 1929లో దివాలా తీసినది.

బెనెడిక్టిన్ దీనికి ఎదురు ఉదాహరణము. పేరులో సన్యాసి కలడు, సీసాపై మఠపు చిహ్నము కలదు. కాని దానిని 1863లో నార్మండీలోని ఫెకాం పట్టణమున ఆరంభించినవాడు అలెగ్జాండర్ లె గ్రాన్ అను వర్తకుడు. 1510 నాటి సన్యాసి యోగమే తనకు దొరికినదని ఆయన చాటినాడు. ఇరువదియేడు మూలికల రుచి నిజమే; పురాణము మాత్రము వ్యాపారమునకు అక్కరకు వచ్చినది. ఈ రెండు సీసాలను ప్రక్కప్రక్కన నుంచి, చరిత్రకును ప్రచారమునకును గల భేదమును విద్యార్థులకు చక్కగా బోధింపవచ్చును.

తయారీ విధానమిది. టెకీలా 45 మిల్లీలీటర్లు, పసుపు షార్త్రూజ్ 15, బెనెడిక్టిన్ 15, పంచదార పాకము 10, మీగడ 15, గ్రుడ్డు ఒకటి. గ్రుడ్డును మొదట వేరొక గిన్నెలో పగులగొట్టి పరీక్షింపవలెను. మూతగల పాత్రలో పాకమును, మీగడను గ్రుడ్డుతో కలిపిన తరువాతనే మద్యములు పోయవలెను. ఏలయన మద్యసారము మాంసకృత్తులను గడ్డకట్టించును. ఘాటైన మద్యము నేరుగా పడినచో గ్రుడ్డు పోగులుపోగులుగా విరుగును. పిదప మంచు లేకుండ ఇరువది సెకండ్లు, మంచుగడ్డలు వేసి మరల పది పదునైదు సెకండ్లు బలముగా కుదిపి, చల్లని గ్లాసులోనికి వడగట్టి, జాజికాయను అప్పటికప్పుడు తురిమి చల్లవలెను.

కుదుపుటలో జరుగునదేమి? తెల్లసొనలోని మాంసకృత్తులు చుట్టలు విప్పుకొని గాలిబుడగల చుట్టును పొరగా నిలుచును. పచ్చసొనలోని లెసిథిన్ అణువునకు ఒక కొస నీటితోను, రెండవ కొస క్రొవ్వుతోను మైత్రి. అది మీగడను నీటిని విడిపోనీయదు. పచ్చసొన క్రొవ్వు నురుగును కొంత అణచును గనుక ఫ్లిప్ పొంగి నిలువదు, మీగడ వలె చిక్కనగును.

ఇచట రెండు హెచ్చరికలు. పచ్చిగ్రుడ్డులో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి ఉండవచ్చును. మద్యము దానిని చంపునను నమ్మకము సరికాదు. ఉపాయము పాశ్చరు పద్ధతి. గ్రుడ్డును పెంకుతోనే సుమారు 57 డిగ్రీల వేడినీటిలో గంటకు పైగా ఉంచినచో క్రిమి నశించును. తెల్లసొన గట్టిపడుట 60 డిగ్రీలు దాటినగాని ఆరంభము కాదు. ఆ కొద్ది డిగ్రీల ఎడములోనే విద్యయంతయు ఉన్నది. దీనిని ఇంట అందాజుతో చేయరాదు. అట్లు శుద్ధిచేసి అమ్ము గ్రుడ్లనే వాడవలెను.

రెండవది అంకగణితము. టెకీలాలో నూటికి 40 పాళ్లు మద్యసారము: 18 మిల్లీలీటర్లు. పసుపు షార్త్రూజ్‌లో 43 పాళ్లు: ఇంచుమించు ఆరున్నర. బెనెడిక్టిన్‌లో 40 పాళ్లు: ఆరు. మొత్తము ముప్పదికి పైమాట. నూటికి ఐదు పాళ్ల మద్యసారము గల 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో ఉండునది ముప్పదిరెండున్నర. అనగా చూచుటకు పాయసము వలె నుండు ఈ చిన్న గ్లాసు, ఇంచుమించు ఒక పెద్ద బీరు సీసాకు సమానము! మీగడ, తీపి, జాజికాయ పరిమళము కలిసి ఆ ఘాటును నాలుకకు తెలియనీయవు. నాలుక మోసపోయినను శరీరము మోసపోదు. ఈ లెక్క వేయగల విద్యార్థి రేపు పెద్దవాడైన పిదప ఎవరి మాటకును లోబడనక్కరలేదు.

లెక్క ఎరిగినవారిలో ఆ కొండల సన్యాసులు నేటికిని అగ్రగణ్యులు. లోకమంతటను షార్త్రూజ్‌కు గిరాకి పెరిగినప్పుడు, ఉత్పత్తిని పెంచకూడదని వారు 2019లో నిశ్చయించుకొని, 2023 నాటికి ఆ సంగతిని లోకమునకు తెలియజేసినారు. బట్టీ పని హెచ్చినచో ప్రార్థనకును, ఏకాంతమునకును కాలము చాలదనియు, కొండకును నీటికిని భారమగుననియు వారి వాదము. అంగళ్లలో సీసాలు దొరకలేదు, వెల పెరిగినది. వారు మాత్రము తమ కొలత మార్చుకొనలేదు.