యాప్‌లో రూ.2,400... అందులో డ్రైవర్‌ది ఎంత?

రాత్రి పది గంటలకు హైటెక్ సిటీ దగ్గర కారు పక్కకు ఆపి, డ్రైవర్ ఫోన్‌లో ఆ రోజు మొత్తం చూసుకుంటాడు. రూ.2,400. నెలలో 26 రోజులు ఇలాగే తిరిగితే రూ.62,400. సొంతంగా క్యాబ్ కొనుక్కోవాలనుకునే కుర్రాడికి స్నేహితులు చూపించే స్క్రీన్‌షాట్ సాధారణంగా ఇదే. డిగ్రీ చదివి ఆఫీసులో కూర్చునే చాలామందికి అంత జీతం లేదు. అప్పు చేసి కారు కొనాలన్న నిర్ణయం ఎక్కువగా ఈ అంకెను చూసే జరుగుతుంది. అందులో కారు తినేదెంత, మనిషికి మిగిలేదెంత అని విడదీసి చూసేది మాత్రం చాలా మంది రెండో ఏడాదిలోనే, ఈఎంఐ మొదటిసారి తప్పినప్పుడు.

ముందే విడదీసి చూస్తే ఎలా ఉంటుంది? 2025 నాటి ధరలతో హైదరాబాద్‌లో సీఎన్‌జీతో నడిచే ఒక చిన్న సెడాన్‌ను నమూనాగా తీసుకుందాం. ఊరిని బట్టి, బండిని బట్టి, నడిపే తీరును బట్టి అంకెలు మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఢిల్లీ అయినా విజయవాడ అయినా ఒకటే.

కారు రోడ్డు మీదికి వచ్చేసరికి రూ.8.5 లక్షలు అనుకుందాం. చేతి నుంచి రూ.1.7 లక్షలు పెట్టి, మిగతా రూ.6.8 లక్షలు 11 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పుగా తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.14,785. రోజుకు 180 కిలోమీటర్లు తిరిగితే నెలకు 4,680. సిటీ ట్రాఫిక్‌లో కిలో గ్యాస్‌కు 22 కిలోమీటర్లు, కిలో ధర రూ.96 చొప్పున గ్యాస్‌కే రూ.20,400 దాటుతుంది. సర్వీసింగ్, టైర్లు, బ్రేకులు, చిన్నాచితకా రిపేర్లకు కిలోమీటరుకు రూపాయీ ఇరవై పైసలు వేసుకున్నా రూ.5,600. యాప్‌కు రోజు ఫీజు రూ.70 చొప్పున నెలకు రూ.1,820. పర్మిట్, ఫిట్‌నెస్, పొల్యూషన్ సర్టిఫికెట్, పార్కింగ్, చలానాలు, ఫోన్ రీచార్జి కలిపి రూ.2,000.

బీమా దగ్గర కొంచెం ఆగాలి. ఇంటి కారు నడిపిన అనుభవంతో లెక్క వేసేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ మధ్య సొంత కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం రూ.3,416. అదే ఇంజిన్ ఉన్న కారుకు పసుపు నంబర్ ప్లేటు తగిలితే రూ.7,940, దానిపైన ఒక్కో ప్రయాణికుడి సీటుకు రూ.978. నాలుగు సీట్లకు రూ.11,852 అవుతుంది. దీనిమీద జీఎస్టీ ఉంది, సొంత బండి నష్టానికి చేయించే బీమా వేరు. అన్నీ కలిపి ఏడాదికి రూ.36,000, అంటే నెలకు రూ.3,000 పక్కన పెట్టుకోవాలి. ఏడాదికోసారి కట్టే డబ్బు కాబట్టి నెలవారీ లెక్కలో ఇది కనబడదు. కట్టాల్సిన నెలలో చేబదులు కోసం పరిగెత్తిస్తుంది.

మొత్తం ఖర్చు రూ.47,643. చేతికొచ్చిన రూ.62,400లో మిగిలేది రూ.14,757. రోజుకు 11 గంటల చొప్పున నెలకు 286 గంటలు స్టీరింగ్ వెనక కూర్చుంటే గంటకు 52 రూపాయలు కూడా లేదు. హైదరాబాద్‌లో ఇంకొకరి కారు నడిపితే నెలకు 18 నుంచి 20 వేల రూపాయల జీతం దొరకడం కష్టమేమీ కాదు. అందులో గ్యాస్ ధర పెరిగినా, టైరు పేలినా డ్రైవర్‌ది బాధ్యత కాదు.

‘ఈఎంఐ అయిపోతే కారు నాదే కదా’ అన్నది దీనికి అందరూ చెప్పే జవాబు. నిజమే, అరవై నెలల తర్వాత మిగులు రూ.29,500కు చేరుతుంది. కానీ అప్పటికి కారు 2.8 లక్షల కిలోమీటర్లు తిరిగి ఉంటుంది. పసుపు ప్లేటు మీద అంత తిరిగిన బండిని రూ.2 లక్షలకు కొనేవాడు దొరికితే అదృష్టం. అంటే అయిదేళ్లలో రూ.6.5 లక్షల విలువ అరిగిపోయింది, కిలోమీటరుకు రూ.2.30 చొప్పున. ఈఎంఐలో అసలు కింద కట్టిన డబ్బులో ఎక్కువ భాగం ఆస్తిగా మారలేదు, రోడ్డు మీద కరిగిపోయింది. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి చేయించే ఫిట్‌నెస్ పరీక్ష ఆ తర్వాత ఏటా చేయించాలి. ఆ లోపే చాలామంది బండి మార్చేస్తారు, అంటే మళ్లీ ఈఎంఐ మొదటి నెల.

ఈ లెక్కలో అన్నిటికన్నా బరువైన అంకె గ్యాస్ ధరా కాదు, వడ్డీ రేటూ కాదు. ఖాళీగా తిరిగే కిలోమీటర్లు. 180 కిలోమీటర్లలో 120కే డబ్బు వస్తుందని, కిలోమీటరుకు రూ.20 చొప్పున ముడుతుందని పైన లెక్కగట్టాం. మిగతా 60 కిలోమీటర్లు కస్టమర్ దగ్గరికి వెళ్లడానికి, దించిన చోటు నుంచి గిరాకీ ఉన్న చోటికి రావడానికి, రాత్రి ఇంటికి చేరడానికి ఖర్చయ్యేవి. గ్యాస్ కిలోకు 5 రూపాయలు పెరిగితే నెలకు పడే భారం సుమారు రూ.1,060. ఖాళీ కిలోమీటర్లు 60 నుంచి 45కు తగ్గితే పెరిగే రాబడి రూ.7,800. డ్రైవర్లు ట్రిప్ ఒప్పుకునే ముందు ఫోన్ చేసి ‘డ్రాప్ ఎక్కడ సార్’ అని అడిగితే ప్రయాణికులకు చిర్రెత్తుతుంది. క్యాన్సిల్ చేస్తే ఇంకా కోపం. తిరుగు గిరాకీ దొరకని శివారుకు వెళ్లడమంటే వచ్చేటప్పటి ఖర్చు తన జేబులోంచి పెట్టుకోవడమేనని ఆ అడిగేవాడికి తెలుసు.

2024 వేసవిలో హైదరాబాద్ డ్రైవర్లు చేపట్టిన ‘నో ఏసీ’ ప్రచారాన్ని కూడా ఇలాగే చూడాలి. ఏసీ వేసి నడిపితే కిలోమీటరుకు 16 నుంచి 18 రూపాయలు ఖర్చవుతుంటే చేతికి 10-12 రూపాయలే వస్తున్నాయని తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ అప్పట్లో చెప్పింది. మన నమూనాలో నెల ఖర్చును డబ్బు వచ్చే కిలోమీటర్లతో భాగిస్తే 15 రూపాయలు దాటుతోంది. ఏసీకి అయ్యే గ్యాస్ కూడా కలిపితే యూనియన్ మాట అతిశయోక్తిగా అనిపించదు. ఆ లెక్కన చూస్తే పైన వేసుకున్న 20 రూపాయలు ఉదారమైన అంచనాయే.

ఇంత ఇరుకైన లెక్క ఉన్న వృత్తిలోకి అంతమంది ఎందుకు వచ్చారు? 2014-16 మధ్య ఓలా, ఉబర్ మార్కెట్ కోసం పోటీ పడి డ్రైవర్లకు పోసిన ఇన్సెంటివ్‌లు ఒక కారణం. ఆ రోజుల్లో ఛార్జీ కంటే బోనస్‌తోనే ఇల్లు గడిచిందని పాత డ్రైవర్లు చెబుతారు. ఆ రాబడే శాశ్వతమనుకుని ఈఎంఐలు పెట్టుకున్నారు. ఇన్సెంటివ్‌లు కోసేయడంతో 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ డ్రైవర్లు రోజుల తరబడి సమ్మె చేశారు. ఇన్సెంటివ్ పోయింది, ఈఎంఐ మాత్రం అలాగే ఉంది. మరోవైపు ఈ వృత్తిలోకి రావడం ఏటికేడు సులువవుతోంది. సాధారణ ఎల్ఎంవీ లైసెన్స్ ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. తీర్పు సబబైనదే. కానీ తలుపు వెడల్పయ్యే కొద్దీ రోడ్డు మీద కార్లు పెరుగుతాయి, ఒక్కో కారుకు ఖాళీ కిలోమీటర్లూ పెరుగుతాయి.

కమీషన్ తీరు మారడం మాత్రం డ్రైవర్‌కు నిజంగా కలిసొచ్చింది. బెంగళూరులో ఆటోలతో మొదలైన నమ్మ యాత్రి, తర్వాత క్యాబ్‌లలో ర్యాపిడో కమీషన్ బదులు నిర్ణీత ఫీజు పద్ధతి తెచ్చాయి. 2025లో ఓలా కూడా అటే మళ్లింది. రూ.2,400 మీద 20 శాతం కమీషన్ అంటే రూ.480. దాని స్థానంలో రూ.70 కడితే నెలకు పది వేలకు పైగా తేడా. మన నమూనాలో ఫీజు పద్ధతినే తీసుకున్నాం. పాత కమీషనే ఉంటే మిగులు నాలుగు వేల రూపాయల చిల్లరకు పడిపోయేది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. గిరాకీ లేని రోజు కమీషన్ కూడా ఉండదు, ఫీజు మాత్రం ముందే కట్టాలి. పైగా ఛార్జీ ఎంతన్నది ఇప్పటికీ యాప్ చూపించేదే.

ఛార్జీ విషయంలో 2025 జులైలో కేంద్రం ఇచ్చిన మోటారు వాహన అగ్రిగేటర్ మార్గదర్శకాలు కొంత దారి చూపాయి. సొంత వాహనం ఉన్న డ్రైవర్‌కు ఛార్జీలో కనీసం 80 శాతం దక్కాలి. ఖాళీగా వచ్చిన దూరానికి పరిహారంగా కనీసం 3 కిలోమీటర్ల బేస్ ఛార్జీ ఉండాలి. రూ.5 లక్షల ఆరోగ్య బీమా, రూ.10 లక్షల టర్మ్ బీమా కల్పించాలి. అయితే బేస్ ఛార్జీ నిర్ణయించాల్సింది రాష్ట్రాలు. అది తక్కువగా ఉంటే దాని మీద ఎంత శాతం ఇచ్చినా పెద్ద ఒరిగేదేమీ లేదు. ఢిల్లీలో 2025 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలైన సహకార రంగంలోని భారత్ ట్యాక్సీకి కూడా అసలు పరీక్ష డ్రైవర్‌ను ఎంత తక్కువ ఖాళీగా తిప్పగలదన్నదే.

జీతానికి నడిపితే ఈ తలనొప్పులు ఉండవు కదా అంటే, అక్కడా భరోసా లేదు. 2025 ఏప్రిల్‌లో బ్లూస్మార్ట్ విద్యుత్ క్యాబ్‌లు రాత్రికి రాత్రి ఆగిపోయినప్పుడు ఢిల్లీ, బెంగళూరుల్లో వేలమంది డ్రైవర్లు పని కోల్పోయారు. కానీ వాళ్ల పేరు మీద కారు అప్పు లేదు. సొంత కారు డ్రైవర్‌కు ఈఎంఐ, బీమా, ఇతర స్థిర ఖర్చులే పనిరోజుకు సుమారు రూ.760. జ్వరంతో పది రోజులు మంచమెక్కితే, లేదా ఎవరో చేసిన ఫిర్యాదుతో యాప్‌లో ఐడీ బ్లాక్ అయితే రూ.7,600 మీటరు నడుస్తూనే ఉంటుంది. రెండు మూడు ఈఎంఐలు తప్పితే ఫైనాన్స్ కంపెనీ మనుషులు బండి తీసుకెళ్తారు. దానితో పాటు చేతి నుంచి పెట్టిన రూ.1.7 లక్షలూ పోతాయి. తరచుగా అది ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు.

విద్యుత్ కారుతో లెక్క కొంత మారుతుంది. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, క్యాబ్‌లకూ ఇది వర్తిస్తుంది. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలుంటే కిలోమీటరు ఖర్చు బాగా తగ్గుతుంది. అద్దె గదిలో ఉండి, కారును వీధిలో నిలిపే డ్రైవర్‌కు ఆ వీలు ఉండదు. చార్జింగ్ స్టేషన్‌లో గడిచే గంట కూడా గిరాకీ పోయిన గంటే.

కొనే ముందు ఈ లెక్కను తన ఊళ్లో సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. రోజువారీ అద్దెకు కార్లు ఇచ్చేవాళ్లు ప్రతి పెద్ద నగరంలో ఉన్నారు. మూడు నెలలు అద్దె కారు నడిపి, ఓడోమీటర్ మీద తిరిగిన కిలోమీటర్లు ఒకవైపు, డబ్బు వచ్చిన కిలోమీటర్లు మరోవైపు రాసుకుంటూ పోవాలి. ఈ నమూనాలో రెండో అంకె మొదటిదానిలో 75 శాతం ఉంటే నెలకు మిగిలేది రూ.22,500. మూడింట రెండు వంతులైతే రూ.14,757. 60 శాతమే ఉంటే రూ.8,500.