ప్రపోజ్ చేసే ముందు రెండక్షరాలు

మా టీమ్‌లో లాగోస్ కుర్రాడొకడు పనిచేసేవాడు. బ్యాకెండ్ అంతా అతనే చూసుకునేవాడు. నైజీరియాకీ మనకీ నాలుగున్నర గంటల తేడా కాబట్టి, మేం లంచ్ చేసి సీట్లోకి వచ్చేసరికి అతను లాగిన్ అయ్యేవాడు. మొదటిరోజు చాట్‌లో ‘హౌ ఫార్?’ అని మెసేజ్ పెట్టాడు. ఎంత దూరం అని అడుగుతున్నాడనుకుని, హైదరాబాద్ నుంచి లాగోస్‌కి ఎన్ని కిలోమీటర్లో వెతికి మరీ చెప్పాను. వాళ్ల పిడ్గిన్‌లో దానికి ‘ఏంటి సంగతులు’ అని అర్థమట! ఆ రోజు నవ్విన నవ్వుతోనే ఫ్రెండ్స్ అయిపోయాం.

కాల్ మధ్యలో కరెంట్ పోతే ‘నెపా తీసేసింది’ అనేవాడు. తిరిగి వస్తే వాళ్ల వీధి పిల్లలంతా ‘అప్ నెపా!’ అని అరవడం నా హెడ్‌ఫోన్స్‌లో వినిపించేది. నెపా అనే విద్యుత్ సంస్థ ఎప్పుడో పోయింది, పేరు మార్చారు, తర్వాత ప్రైవేటుకి ఇచ్చేశారు. జనం నోట్లో పేరు మాత్రం పోలేదు.

అలాంటి మాటకారి ఒక వారమంతా మూగబోయాడు. కోడ్ రివ్యూలో కామెంట్ పెడితే ‘ఓకే’ తప్ప ఇంకో మాట లేదు. చివరికి ఒక శుక్రవారం చెప్పాడు. నాలుగేళ్లుగా ప్రేమించిన అమ్మాయితో విడిపోయాడట. గొడవ లేదు. మూడో మనిషి లేరు. అతను యొరుబా, ఆమె ఇగ్బో, అయినా రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు. మరి కారణం?

‘ఇద్దరం ఏఎస్ అని తేలింది’ అన్నాడు.

నేను ఇంటర్‌లో ఎంపీసీ. బయాలజీని టెన్త్‌తోనే వదిలేశాను. ‘ఏఎస్ అంటే ఏంటి బ్రో?’ అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత ‘నీ జీనోటైప్ ఏంటో నీకు తెలీదా?’ అన్నాడు. ఆధార్ నంబర్ అడిగితే ‘ఆధార్ అంటే ఏంటి’ అన్నవాడిని మనం ఎలా చూస్తామో, అతని గొంతు అలా ఉంది.

ఒక్క అక్షరం టైపో

రక్తంలో ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. దాన్ని తయారుచేసే జీన్ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. మామూలుగా ఉంటే ‘ఏ’, తేడా ఉంటే ‘ఎస్’. ఆ తేడా కూడా ఎంతనుకున్నారు? డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం. కోడ్ రాసేవాళ్ల భాషలో సింగిల్ క్యారెక్టర్ టైపో. రెండూ మామూలువైతే ఏఏ. ఒకటి మామూలుది, ఒకటి తేడాది అయితే ఏఎస్. వీళ్లు క్యారియర్లు, సాధారణంగా ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు. రెండూ తేడావే అయితే ఎస్ఎస్, అంటే సికిల్‌సెల్ జబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నచోటల్లా భరించలేని నొప్పి. దాన్నే వాళ్లు ‘క్రైసిస్’ అంటారు. రక్తహీనత, ఇన్ఫెక్షన్లు, చిన్న వయసులోనే పక్షవాతం, ఇవన్నీ వెంట ఉంటాయి. నైరుతి నైజీరియాలో ‘సి’ అనే ఇంకో రకం జీన్ కూడా ఉంది. అక్కడ ఎవరైనా ‘నేను ఏసీ’ అంటే నవ్వకండి. ఎస్, సి రెండూ ఒక బిడ్డలో కలిసినా జబ్బే.

ఆ దేశంలో సుమారు నలుగురిలో ఒకరు ఏఎస్. అంటే ఎవరినీ చూసుకోకుండా ఏ జంటను తీసుకున్నా, పదహారింట ఒక జంటలో ఇద్దరూ క్యారియర్లే. ఏటా లక్ష నుంచి లక్షన్నర మంది పిల్లలు సికిల్‌సెల్‌తో పుడుతున్నారని అంచనా. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ ఇంతమంది లేరు. ఇంత చెడ్డ జీన్ అన్ని తరాలు ఎలా నిలిచిందంటే, దానికి జవాబు దోమ. ఏఎస్ ఉన్న పిల్లలకి ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందని ఆంథనీ అలిసన్ అనే శాస్త్రవేత్త 1954లోనే చూపించాడు. మలేరియా ఉన్నచోట ఒక్క ఎస్ వరం, రెండు ఎస్‌లు శాపం.

పాతరోజుల్లో ఈ శాపానికి వేరే పేర్లుండేవి. పుట్టిన బిడ్డ చనిపోవడం, మళ్లీ పుట్టినా చనిపోవడం చూసి, ఒకే బిడ్డ తల్లిని ఏడిపించడానికి తిరిగి తిరిగి వస్తోందని నమ్మేవారు. యొరుబాలు అబికు అన్నారు, ఇగ్బోలు ఒగ్బాంజె అన్నారు. వాళ్లలో చాలామంది సికిల్‌సెల్ పిల్లలే అయ్యుంటారని ఇప్పటి డాక్టర్లు అంటారు.

క్యాంపులో మొదలైన కథ

నైజీరియాలో డిగ్రీ అయిన ముప్పై ఏళ్లలోపువాళ్లు ఒక ఏడాది దేశసేవ చేయాలి. ఎన్‌వైఎస్‌సీ అంటారు. అంతర్యుద్ధం ముగిశాక 1973లో పెట్టారు. ఒక ప్రాంతం వాళ్లను ఇంకో ప్రాంతానికి పంపి కలపాలన్నది ఉద్దేశం. మొదటి మూడు వారాలు క్యాంపు, పొద్దున్నే డ్రిల్లు. దేశాన్ని కలిపిందో లేదో కానీ జంటల్ని మాత్రం బాగానే కలిపిందని మావాడి జోకు. అతనికి ఆ అమ్మాయి పరిచయమైంది అక్కడే. రెండోరోజు క్యాంటీన్ దగ్గర ఆమె అడిగిన మొదటి సీరియస్ ప్రశ్న, ‘నీ జీనోటైప్ ఏంటి?’

సినిమాలు చూసి పెరిగిన మనకి ఇది విడ్డూరంగా ఉంటుంది. అక్కడి యూత్‌కి మామూలే. స్కూల్ అడ్మిషన్ ఫారంలో బ్లడ్ గ్రూప్ పక్కన జీనోటైప్ గడి ఉంటుంది. చర్చిలో పెళ్లి చేయాలంటే చాలాచోట్ల జీనోటైప్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇద్దరూ ఏఎస్ అయితే పెళ్లి చేయం అని చెప్పే చర్చిలూ ఉన్నాయి. ముస్లింలు ఎక్కువుండే కానో రాష్ట్రం 2024లో పెళ్లికి ముందు సికిల్‌సెల్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు తప్పనిసరి చేస్తూ చట్టమే తెచ్చింది.

ఆమె ఏఎస్. మావాడు ధీమాగా ‘ఏఏ’ అన్నాడు. చిన్నప్పుడు స్కూల్లో చేర్చడానికి వాళ్లమ్మ చేయించిన టెస్టులో అదే ఉంది. అక్కడి నుంచి ప్రతి ఫారంలో అదే రాస్తూ వచ్చాడు. ఒకరు ఏఏ అయితే పిల్లల్లో ఎవరికీ జబ్బు రాదు. కాబట్టి ఆమె నిశ్చింతగా ప్రేమించింది. నాలుగేళ్ల తర్వాత పెళ్లికోసం చర్చికి వెళ్తే, పాత కాగితాలు చెల్లవు, మేం చెప్పిన ల్యాబ్‌లో మళ్లీ చేయించండి అన్నారు. దొంగ సర్టిఫికెట్ల బెడద వల్ల అక్కడ చాలా చర్చిలు ఇలాగే చేస్తాయి. రిపోర్టులో ఏఎస్ వచ్చింది. నమ్మలేక ఇంకోచోట చేయించాడు. అక్కడా ఏఎస్. తప్పు ఇరవయ్యేళ్ల కిందటి కాగితంలో ఉంది.

నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. డేటా తప్పయితే దానిమీద ఎంత జాగ్రత్తగా కట్టిన సిస్టమ్ అయినా కూలుతుంది. ఆమె అడగాల్సిన ప్రశ్న అడగాల్సిన టైమ్‌లోనే అడిగింది. అతను అబద్ధం చెప్పలేదు. అయినా ఇద్దరూ నష్టపోయారు. ఇలాంటి కథలు అక్కడ అరుదేమీ కాదు. శాంపిల్స్ తారుమారు కావడం, పాత పరికరాలు, అనుభవం లేని టెక్నీషియన్... కారణాలు చాలా. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్ల రిపోర్టు కూడా తప్పుదారి పట్టిస్తుంది. మామూలు ఎలక్ట్రోఫోరెసిస్‌లో హిమోగ్లోబిన్ డి లాంటి ఇతర రకాలు సరిగ్గా ఎస్ ఉన్నచోటే కనిపిస్తాయి. అందుకే డాక్టర్లు ఒక్క కాగితాన్ని నమ్మొద్దంటారు. హెచ్‌పీఎల్‌సీ అనే మెరుగైన పద్ధతిలో, వీలైతే రెండు చోట్ల చేయించుకోమంటారు.

‘ఇరవై ఐదు శాతమే కదా, రిస్క్ తీసుకోవచ్చుగా’ అని నోరుజారాను. మావాడు ఓపిగ్గా లెక్క చెప్పాడు. ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ పావు వంతు అవకాశం. మొదటి బిడ్డకి వచ్చేసింది కదా, తర్వాతి ముగ్గురూ సేఫ్ అనుకోవడం తప్పు. నాణేనికి జ్ఞాపకం ఉండదు. ఇద్దరు పిల్లలు చాలనుకుంటే ఇద్దరూ జబ్బు లేకుండా పుట్టే అవకాశం 56 శాతం. నలుగురు కావాలనుకుంటే 32 శాతం. పెద్ద కుటుంబాలు మామూలైన దేశంలో ఆ పావు వంతు ఎంత పెద్దదో అప్పుడర్థమైంది. ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించి ఎస్ఎస్ కానిదాన్ని ఎంచుకునే మార్గం లాగోస్‌లోనూ ఉంది. కాకపోతే ఖర్చు సొంత జేబులోంచే. ప్రార్థన చేస్తే జీన్ మారుతుందని చెప్పే పాస్టర్లకీ కొదవలేదు. ఆ అమ్మాయి వాళ్ల పిన్ని కొడుకు పదహారేళ్లకే సికిల్‌సెల్‌తో పోయాడట. అందుకే చివరి నిర్ణయం ఆమే తీసుకుంది.

మరి ఎస్ఎస్ వాళ్ల మాటేంటి?

ఈ చర్చలో నాకు మొదట తట్టని కోణం ఇది. మావాడి కజిన్ ఒకాయన ఎస్ఎస్, వృత్తి అకౌంటెంట్. ఒకసారి కాల్‌లో కలిశాడు. ‘ఏఎస్, ఏఎస్ పెళ్లి చేసుకోవద్దని రోజూ అందరూ అంటుంటే, నాలాంటివాడు పుట్టకూడదనే కదా నాకు వినిపించేది’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అక్కడ ఎస్ఎస్ ఉన్నవాళ్లు తమను తాము ‘వారియర్’ అని పిలుచుకుంటారు. ఇంటర్వ్యూల్లో మాత్రం చాలామంది ఆ మాట ఎత్తరు. ఈయన కూడా దాచాడు. డిసెంబర్, జనవరుల్లో సహారా వైపు నుంచి హర్మటాన్ అనే పొడిగాలి వీస్తుంది. చలి, ఒంట్లో నీరు తగ్గడం, రెండూ క్రైసిస్‌ని రప్పిస్తాయి. సరిగ్గా అప్పుడే ఆయనకి ఇయర్ ఎండ్ క్లోజింగ్. నొప్పితో ఆస్పత్రిలో చేరి ఆఫీసుకి ‘మలేరియా’ అని చెప్పేవాడు. మలేరియాకి సెలవిస్తారు, సికిల్‌సెల్ అంటే ప్రమోషన్ ఆపుతారేమోనని భయం.

మందులు లేకపోలేదు. హైడ్రాక్సీయూరియా మాత్ర క్రైసిస్‌లని తగ్గిస్తుంది. ఉత్తర నైజీరియా ఆస్పత్రుల్లో జరిగిన ట్రయల్స్‌లో, స్ట్రోక్ ముప్పు ఎక్కువున్న పిల్లలకి తక్కువ డోసు కూడా దాదాపు అంతే పనిచేసిందని తేలింది. తక్కువ డోసు అంటే తక్కువ ఖర్చు. అయితే 2023లో నైరా విలువ కుప్పకూలింది, గ్లాక్సో కంపెనీ దేశం నుంచి తప్పుకుంది, యాంటీబయాటిక్స్ ధరలు ఎగబాకాయి. డాక్టర్లేమో ‘జాపా’ బాట పట్టారు. అంటే దేశం వదిలి ఎగిరిపోవడం, యొరుబా మాట. అదే ఏడాది చివర్లో అమెరికా, బ్రిటన్లలో క్రిస్పర్‌తో చేసే సికిల్‌సెల్ చికిత్స ‘కాస్‌జెవీ’కి అనుమతి వచ్చింది. టెక్ బ్లాగులో నేనూ ఉత్సాహంగా రాశాను. అప్పట్లో అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అప్పటి మన లెక్కలో సుమారు 18 కోట్ల రూపాయలు. లింక్ పంపితే కజిన్ పెట్టిన రిప్లై ఒక నవ్వుతున్న ఎమోజీ, అంతే.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గొడవ అనుకుంటున్నారా? ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేల్లో, అల్లూరి జిల్లా ఏజెన్సీలో ఈ జబ్బు ఎప్పటినుంచో ఉంది. 2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. గిరిజన ప్రాంతాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన, ఇదీ లక్ష్యం. కార్డులు ఇస్తున్నారు, మంచిదే. కానీ తలసీమియా క్యారియర్లు గిరిజనుల్లోనే కాదు, మైదానాల్లో, సిటీల్లో, అన్ని కులాల్లో ఉన్నారు. ఇద్దరు క్యారియర్లు కలిస్తే అదే పావు వంతు లెక్క. మేనరికాల్లో ఇద్దరిలోనూ ఒకే జీన్ ఉండే అవకాశం ఇంకా ఎక్కువ. మనం సంబంధం చూసేటప్పుడు గోత్రం, నక్షత్రం, పాదం, ప్యాకేజీ అన్నీ అడుగుతాం.

నేనూ టెస్ట్ చేయించుకున్నాను. ఒకే హెచ్‌పీఎల్‌సీలో సికిల్‌సెల్, తలసీమియా ట్రెయిట్ రెండూ తెలుస్తాయి. నాకు వెయ్యి రూపాయల లోపే అయ్యింది. ల్యాబ్ కౌంటర్‌లో అమ్మాయి ‘డాక్టర్ చీటీ ఏది సార్, మీకేమైనా ప్రాబ్లమా?’ అని రెండుసార్లు అడిగింది. పెళ్లికోసం అన్నాను. పక్కనున్న అతన్ని పిలిచి ఏదో చెప్పి నవ్వింది.

రిపోర్టు ఏఏ. దాన్ని నా పెళ్లి బయోడేటాలో ఎత్తు కింద ఒక లైనుగా చేర్చాను. అమ్మ ససేమిరా అంది. ‘లేనిపోనిది రాస్తే ఏదో జబ్బుందనుకుంటార్రా, తీసెయ్’ అని వారం రోజులు నస. నేను తీయలేదు. లాగోస్ వాడికి ఫొటో తీసి పంపితే, ‘రెండో ల్యాబ్‌లో కూడా చేయించావా?’ అని అడిగాడు.

పోయిన ఆదివారం విజయవాడ నుంచి ఒక సంబంధం వాళ్లు ఫోన్ చేశారు. అమ్మాయి తండ్రి అన్నీ మాట్లాడాక, చివర్లో ‘ఎత్తు కింద ఏఏ అని వేశారు, అదేంటమ్మా?’ అన్నారట. అమ్మ ఒక్క క్షణం నావైపు చూసి, ఫోన్ నా చేతికిచ్చింది.