టైకో చూచిన క్రొత్త చుక్క

1572వ సంవత్సరము నవంబరు 11వ తేదీ సాయంకాలమున టైకో బ్రాహీ అను 25 ఏండ్ల డేనిష్ యువకుడు హెర్రెవాడ్ మఠములోని తన రసాయనశాల నుండి భోజనమునకై ఇంటికి మరలుచుండెను. ఆ ప్రదేశము నేడు స్వీడనులో నున్నది. అలవాటు చొప్పున అతడు తలయెత్తి చూడగా, నడినెత్తిన, కాసియోపియా అను నక్షత్రరాశిలో, అంతకు ముందెన్నడును లేని యొక చుక్క ధగధగ మెరయుచుండెను. ఆకాశములోని చుక్కలన్నియు చిన్ననాటి నుండి అతనికి పరిచితములే. అయినను అతడు తన కన్నులను తానే నమ్మలేక, వెంటనున్న సేవకులను, దారిని పోవు పల్లెవారిని పిలిచి, అచట చుక్క కనబడుచున్నదా యని అడిగెను. కనబడుచున్నదని వారు చెప్పిన తరువాతనే అతని సందేహము తీరెను.

చంద్రునికి పైనున్న లోకములో మార్పన్నదే లేదని ఆ కాలపు పండితులు అరిస్టాటిలు మతము ననుసరించి నమ్మియుండిరి. క్రొత్త వస్తువేదైన కనబడినచో అది చంద్రునికి క్రిందనే యుండవలెను. కాని చంద్రునివలె దగ్గరగా నున్న వస్తువు ఉదయించునపుడు ఒకచోటను, నడినెత్తికి వచ్చునపుడు కొంచెము వేరొకచోటను, ప్రక్కనున్న చుక్కల నడుమ జరిగినట్లు కనబడును. టైకో తన కొలత సాధనముతో ఈ చుక్కకును దాని పొరుగు చుక్కలకును నడుమ గల దూరమును రాత్రి తరువాత రాత్రి కొలిచెను. అది ఇసుమంతయు కదలలేదు. అనగా అది చంద్రునికంటె మిక్కిలి దూరమున నున్నదన్నమాట. అప్పటికి దూరదర్శిని పుట్టనే లేదు. ఈ పని యంతయు వట్టి కన్నులతో జరిగినది.

అంతటితో అతడు ఊరకుండలేదు. ఆ చుక్క మొదట శుక్రునితో సమానమై, పట్టపగలు గూడ కొందరికి కనబడెను. డిసెంబరునాటికి గురుగ్రహమంత యయ్యెను. పిదప నెలనెలకును తగ్గి, 1574వ సంవత్సరము మార్చిలో కంటికి కనబడకుండ పోయెను. వన్నెయు మారినది. మొదట తెలుపు, తరువాత పసుపు, ఆపైన రోహిణీ నక్షత్రమువలె ఎరుపు, కడకు శనిగ్రహమువలె సీసపు వన్నె. ఏ నెలలో ఏ చుక్కతో సరిపోల్చెనో అన్నియు వ్రాసి పెట్టెను. ఆ వ్రాతల విలువ అతని కాలమువారికి తెలియదు. బహుశః అతనికిని పూర్తిగా తెలిసియుండదు.

టైకో తన గ్రంథములో దానిని లాటిను భాషలో 'నోవా' అనెను. నోవా యనగా క్రొత్తది. నిజమునకు అది క్రొత్తది కాదు. కంటికి ఆనని పాత నక్షత్రమే ఒక్కసారిగా వెలిగినది. ఇట్టివి రెండు తెగలు. నోవాలో, శ్వేతవామనమను చిన్న దట్టమైన నక్షత్రము తన జంటతార నుండి ఉదజనిని లాగుకొనును. అది పైన పేరుకొని పేరుకొని ఒకనాడు భగ్గుమనును. పైపొర యెగిరిపోయినను లోపలి నక్షత్రము మిగులును. సూపర్‌నోవా అట్టిది కాదు. అందు శ్వేతవామనమే తునాతునకలగును. లేదా సూర్యునికంటె అనేక రెట్లు బరువైన తార నడిబొడ్డు కుప్పకూలి, తక్కిన భాగము చిమ్మివేయబడును. అపుడు పుట్టు వెలుగు వందల కోట్ల సూర్యులకు సాటి.

చూచినంత మాత్రమున ఏది ఏదో తెలియదు. అందుచేత నేడును క్రొత్త చుక్కను కనుగొన్నవారు మొదట పాత చిత్రములతో పోల్చి చూతురు. దారిని పోవు చిన్నగ్రహమేమో యని విచారింతురు. మరియొకరిచేత గూడ చూపింతురు. టైకో తన సేవకులను పిలిచినది ఇందులకే గదా! తరువాత ఆ వెలుగును పట్టకముచేత విడదీసినట్లు రంగులుగా విడదీసి వర్ణపటము తీయుదురు. అందులో ఉదజని గీతలు లేనిచో మొదటి తరగతి, ఉన్నచో రెండవ తరగతి అని 1941లో మింకౌస్కీ సూపర్‌నోవాలను విభజించెను. మొదటి తరగతిలోనే సిలికాను గుర్తు గలవి పగిలిపోయిన శ్వేతవామనములని తరువాత తేలినది.

మరి టైకో చుక్క ఏ తరగతి? 1945లో వాల్టర్ బాడే అను శాస్త్రజ్ఞుడు టైకో వ్రాతలను ముందుంచుకొని, ఆ వెలుగు నెలనెలకు తగ్గిన తీరును గీతగా గీచి చూచెను. అది మొదటి తరగతి సూపర్‌నోవాల గీతతో సరిపోయెను. అయినను వర్ణపటము లేని లోపము లోపమే. ఆరిపోయిన దీపమునకు వర్ణపటమెట్లు తీయుట?

కొండ యెదుట కేక వేసినచో ప్రతిధ్వని ఆలస్యముగా వినబడును. ఆనాటి వెలుగులో కొంత వేరు దిక్కులకు పోయి, దూరముననున్న ధూళి మేఘములకు తగిలి, భూమివైపు మరలినది. త్రోవ పొడవైనందున అది వందల యేండ్లు ఆలస్యముగా వచ్చినది. 2008లో శాస్త్రజ్ఞులు ఆ మసక వెలుగును కనిపెట్టి, హవాయి దీవిలోని మౌనా కియా కొండపైనున్న సుబారు దూరదర్శినితో దాని వర్ణపటమును తీసిరి. అందు ఉదజని లేదు, సిలికాను ఉన్నది. నాడు హెర్రెవాడ్ దారిలో సేవకులు తలలెత్తి చూచిన చుక్క తరగతి 436 ఏండ్లకు నిశ్చయమైనది.